మదర్సాలో ఫోన్ నిషేధం, మావాడి రీల్‌కి మాత్రం 40 వేల వ్యూస్. ఇదేం లెక్క?

హిందూపురం బాబ్జాన్
మాది హిందూపురం. పదేళ్లుగా బెంగళూరు బొమ్మనహళ్లిలో ఉంటున్నాం, కార్ల సీటు కవర్లు కుట్టే పని. పెద్దోడికి 14 ఏళ్లు. ఊరి బయట ఒక మదర్సా హాస్టల్లో హిఫ్జ్ (ఖురాన్ కంఠస్థం) చేస్తున్నాడు, 30 పారాల్లో (భాగాల్లో) 17 అయ్యాయి. చేర్చిన రోజే చెప్పారు: పిల్లల దగ్గర ఫోన్ ఉండకూడదు, శుక్రవారం జుమా తర్వాత వార్డెన్ ఫోన్లో పది నిమిషాలు మాట్లాడిస్తాం అని. అది నచ్చే చేర్చాను. ఇంట్లో ఉన్నన్నాళ్లూ వాడి చేతిలోంచి ఫోన్ ఊడింది లేదు.

పోయిన ఆదివారం కడప నుంచి మా బావమరిది వాట్సాప్‌లో ఒక వీడియో పంపాడు. "బావా, మనోడు స్టార్ అయిపోయాడే" అని. తెరిస్తే మావాడే. రిహల్ (ఖురాన్ పెట్టుకునే చెక్క పీట) ముందు కూర్చుని, కుర్తాకి చిన్న మైకు తగిలించుకుని చదువుతున్నాడు. టోపీ ఒక పక్కకి జారి ఉంది. 38 సెకన్లు. చివర్లో చందాకి క్యూఆర్ కోడ్. 40 వేల మంది చూశాక నాకు తెలిసింది. నన్ను ఒక్క మాట అడిగినవాళ్లు లేరు.

శుక్రవారం అడిగితే వాడికేమో సంబరం. "అబ్బా (నాన్నా), నేను మీడియా టీములో ఉన్నా, ఇషా (రాత్రి నమాజు) తర్వాత ఎడిటింగ్ కూడా నేనే" అన్నాడు. ఉస్తాద్‌ని (గురువుని) అడిగితే కొత్త సబఖ్ (పాఠం) బాగానే ఉంది గానీ ఆమూఖ్తా (పాత పాఠం తిప్పి అప్పజెప్పేది) కాస్త వెనకబడింది అన్నారు. పిల్లల చేతికి ఫోన్ ఇవ్వరు గానీ పిల్లల్నే ఫోన్లో పెడతారా? అన్ని మదర్సాల్లో ఇలాగే ఉందా? వెళ్లి అడగాలా, ఊరుకోవాలా?

రాత్రిషిఫ్ట్ రాము
మా కాలేజీ హాస్టల్లో హీటర్లు నిషేధం. ప్రతి రూములోనూ మ్యాగీ ఉడికేది.
జోకు పక్కన పెడితే, అడక్కుండా పెట్టడం మాత్రం తప్పే అన్నా.

గీత_జేపీనగర్
ఇది మదర్సా సంగతే కాదు. మా పాప డాన్స్ క్లాసువాళ్లు కూడా ఇదే పని చేశారు. అడిగితే అడ్మిషన్ ఫారం వెనక చిన్న అక్షరాలు చూపించారు. నా ఉద్యోగమే డేటా ప్రైవసీ. 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టం లెక్కలో 18 ఏళ్లు నిండనివాళ్లంతా పిల్లలే, వాళ్ల సమాచారం వాడుకోవాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలి. అమలు దశలవారీగా జరుగుతోంది, అది వేరే కథ. పిల్లాడి ముఖం, ఊరు, చదివే చోటు, కింద చందా కోడ్, అన్నీ ఒకే వీడియోలో ఉంటే నాకైతే టెన్షనే. ముందు మీరు సంతకం పెట్టిన ఫారంలో ఏముందో చూడండి.

హిందూపురం బాబ్జాన్
ఫారం ఉర్దూలో ఉందమ్మా. నాకు మాట్లాడ్డం వచ్చు, చదవడం రాదు. వేలు పెట్టి చూపించిన చోట సంతకం పెట్టేశా.

కోరమంగళ కుర్రోడు
అందరం అంతే అన్నా. నేను హోమ్ లోన్ పేపర్లు కూడా అలాగే పెట్టా.

ఈజిపుర ఇమ్రాన్
ఏడేళ్లు మదర్సా హాస్టల్లో ఉన్నా, ఆలిం (మత పండితుడి) కోర్సు మధ్యలో వదిలేసి ఇప్పుడు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తున్నా. అందుకని రెండు వైపులా తెలుసు.

భాయ్, ఈ మీడియా టీము ఆకాశంలోంచి ఊడిపడలేదు. మా రోజుల్లో గురువారం రాత్రి అంజుమన్ ఉండేది. శుక్రవారం సెలవు కాబట్టి ముందు రాత్రి పిల్లలంతా కూర్చుని ఉపన్యాసాలు ప్రాక్టీస్ చేసేవాళ్లం. ఒకడు అధ్యక్షుడు, ఒకడు నాత్ (ప్రవక్త మీద పాట) పాడతాడు, ఐదుగురు మాట్లాడతారు. నిజం సభలాగే. మాట మధ్యలో తడబడితే వెనక వరసలోంచి దగ్గులు వినిపించేవి. దాంతోపాటు గోడపత్రిక. పెద్ద చార్టు మీద బద్దకలంతో రాసేవాళ్లం. అక్షరం బాగున్నవాడికి రాత్రి పదకొండు దాకా ట్యూబులైటు కింద కూర్చునే అనుమతి. నాకు ఆ అనుమతి ఉండేది, ఆ నెలల్లో నా ఆమూఖ్తా కూడా వెనకబడేది! ఉస్తాద్ ఎర్ర ఇంకుతో తప్పులు దిద్ది, ఆ పక్కనే "పాఠం ఎక్కడ?" అని రాసేవారు.

మొన్న అక్కడికి వెళ్తే ఆ గోడ దగ్గర రింగ్ లైటు నిలబెట్టి ఉంది. చార్టు అంటించిన జిగురు మరకలు ఇంకా అలాగే ఉన్నాయి.

కాబట్టి మీవాడికి దొరికింది చిన్న పదవి కాదు. కానీ చార్టు చూసేది మేం 200 మందిమి. రీల్ చూసేది 40 వేల మంది, అందులో మనకు తెలియనివాళ్లే ఎక్కువ. తేడా అక్కడుంది.

టానరీరోడ్ సలీం
నేను పెళ్లి వీడియోల ఎడిటర్‌ని. మూడు మదర్సాలకి వీడియోలు చేసిచ్చా, పేర్లు చెప్పను. లోపలి సంగతి చెప్తా.

అసలు కారణం చందా. ఇదివరకు రంజాన్ వచ్చిందంటే సఫీర్లు (చందా వసూలు చేసేవాళ్లు) రసీదు పుస్తకం సంచిలో వేసుకుని ఊరూరా తిరిగేవాళ్లు. శివాజీనగర్, టానరీ రోడ్ మసీదుల దగ్గర తరావీ (రంజాన్ రాత్రి నమాజు) అయ్యాక వరసగా నిలబడేవాళ్లు. 2020 రంజాన్ మొత్తం లాక్‌డౌన్‌లో పోయింది. సంవత్సరం ఖర్చు వచ్చేదే ఆ నెలలో, మసీదులు చూస్తే మూత. ఆ నెలలోనే నాకు మొదటి ఫోన్ వచ్చింది, "భాయ్, క్యూఆర్ కోడ్ వీడియోలో పెట్టడం ఎట్లా" అని. వంటగదిలో బియ్యం బస్తాలు చూపించి రెండు నిమిషాల వీడియో చేశాం. ఏం మాటలూ లేవు, బస్తాలు లెక్కపెడుతున్న వంటాయన చేయి మాత్రమే. బాగా పనిచేసింది.

ఆ తర్వాతే "ప్రతి శుక్రవారం ఏదో ఒకటి పెట్టు" అనే అలవాటు మొదలైంది. బస్తాలు ఎన్నిసార్లని చూపిస్తాం? పిల్లలు చదివే గొంతైతే జనం ఆగి వింటారు.

ఇంకో చిక్కు. యూట్యూబ్‌లో వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, సంవత్సరంలో నాలుగు వేల గంటల వీక్షణ దాటితే యాడ్స్ డబ్బులు వస్తాయి. ఒక చోట దాటింది. మొదటి వారమే ఖిరాత్ (ఖురాన్ పఠనం) వీడియో ముందు వడ్డీ లోన్ యాడ్ వచ్చింది! వడ్డీ హరామ్ అని పాఠం చెప్పే చోట. ముఫ్తీ సాబ్ నన్ను పిలిచి ఫోన్ చూపించి ఏమీ అనలేదు, ఊరికే చూశారు. సెట్టింగుల్లో ఆ రకం యాడ్స్ ఆపొచ్చు, ఆపాను. అయినా అడపాదడపా ఏదో ఒకటి దూరుతుంది. చివరికి యాడ్సే వద్దన్నారు.

గల్ఫ్ నుంచి చూసేవాళ్లు ఎక్కువ కాబట్టి వీడియో కింద ఒక లైను కూడా రాయమన్నాడు ఆడిటర్: భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లే పంపాలి అని. విదేశీయుల డబ్బు తీసుకోవాలంటే ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ కావాలి, ఆ డబ్బు ఢిల్లీ ఎస్‌బీఐ ఖాతాలోనే పడాలి. ఒక్క రీల్ వెనక ఇంత తతంగం ఉంటుంది.

పెన్నా ఒడ్డు
రిటైర్డ్ చరిత్ర మాస్టారిని. సలీం గారు చెప్పిన చందా సంగతి కొత్తదేం కాదు. ఉత్తరప్రదేశ్‌లోని దేవ్‌బంద్ దారుల్ ఉలూమ్ మదర్సా 1866లో మొదలైనప్పుడు నవాబుల జాగీర్లు, వక్ఫు ఆస్తులు నమ్ముకోలేదు, మామూలు జనం చందాల మీద నడిచింది. దూరం ఊళ్ల నుంచి డబ్బు పోస్టులో వచ్చేది. ఎవరెంత ఇచ్చారో వార్షిక నివేదికల్లో అచ్చువేసేవాళ్లు. విద్యార్థులు రైల్లో వచ్చేవాళ్లు. అంటే ఆనాటి కొత్త యంత్రాలు మూడూ, పోస్టు, రైలు, అచ్చు, అన్నీ వాడుకున్నారు. పాఠం మాత్రం పాత పద్ధతిలో, ఉస్తాద్ ఎదుట కూర్చునే.

మైకు వచ్చినప్పుడు కూడా పెద్ద చర్చ నడిచింది. లౌడ్‌స్పీకర్లో వినిపించేది ఇమాం గొంతా, దాని ప్రతిధ్వనా, దాన్ని వింటూ చేసిన నమాజు చెల్లుతుందా అని. ఇప్పుడు మైకు లేని మసీదు ఎక్కడుంది?

రాత్రిషిఫ్ట్ రాము
మాస్టారూ, ఒక డౌటు. ఈ వీడియోల మీదంతా "దావత్" అని రాసి ఉంటుంది. మాది కరీంనగర్. దావత్ అంటే మాకు బగారన్నం, మటన్. రెండు చానెళ్లు సబ్‌స్క్రైబ్ కూడా చేసుకున్నా, ఇప్పటిదాకా ముక్క కనిపించలేదు.

పెన్నా ఒడ్డు
మాట ఒకటే బాబూ. దావత్ అంటే పిలుపు. మీరు భోజనానికి పిలుస్తారు, వాళ్లు దీన్ (మతం) వైపు పిలుస్తారు.

టానరీరోడ్ సలీం
రాము భాయ్, రంజాన్‌లో మసీదు రోడ్డుకి రా, రెండు దావత్‌లూ ఒకే చోట.

సిల్క్‌బోర్డ్ సింహం
[ఈ పోస్టు తొలగించబడింది]

మోడరేటర్
ఒక తండ్రి కొడుకు గురించి అడిగారు. దాన్ని పట్టుకుని టీవీ డిబేట్ చేయొద్దు. ఇంకోసారి అయితే పోస్టు కాదు, ఐడీ పోతుంది. కొనసాగించండి.

జకార్తా రిటర్న్
నెల్లూరోడిని, ఇప్పుడు వైట్‌ఫీల్డ్. మధ్యలో మూడేళ్లు ఇండోనేషియాలో పనిచేశా. ఈ విషయంలో వాళ్లు మనకంటే చాలా ముందున్నారు కాబట్టి కొంచెం పెద్దగానే రాస్తా.

అక్కడ మదర్సా హాస్టళ్లని పెసాంత్రెన్ అంటారు. విద్యార్థి సాంత్రి, గురువు కియాయి. పాతికవేలకు పైనే ఉంటాయి. హాస్టల్‌ని వాళ్ల భాషలో ఏమంటారో తెలుసా? అస్రమ. మన ఆశ్రమమే! సాంత్రి అనే మాట కూడా మన శాస్త్రి నుంచి పోయిందని కొందరు పండితుల ఊహ. గొంతోర్ అని పొనొరొగో దగ్గర 1926లో పెట్టిన పెద్ద సంస్థ ఉంది, దాన్ని స్థాపించిన ముగ్గురు అన్నదమ్ముల్ని ఇప్పటికీ త్రిమూర్తులనే పిలుస్తారు. మొదటిసారి విన్నప్పుడు నన్ను ఆటపట్టిస్తున్నారనుకున్నా.

నా కొలీగ్ తమ్ముడు జొంబాంగ్ వైపు చదివేవాడు. ఆ జిల్లాలోనే తెబుఇరెంగ్ ఉంది, 1899లో హాషిం అష్‌అరీ పెట్టింది. ఆయన మనవడే 1999 నుంచి 2001 దాకా దేశాధ్యక్షుడు, గుస్ దుర్. వాళ్ల తమ్ముడున్నది అంత పేరున్నది కాదు, చిన్నది. ఒకసారి రంజాన్‌లో తీసుకెళ్లాడు. బయట చెప్పులు గుట్ట. లోపల లుంగీల్లో పిల్లలు నేల మీద బోర్లా వంగి రాసుకుంటున్నారు. కియాయి అరబీ కితాబు నుంచి ఒక్కో మాట చదివి జావా భాషలో అర్థం చెప్తుంటే, పిల్లలు ఆ మాట కిందే ఏటవాలుగా, చీమల బారులాగా అర్థం రాస్తారు. జావా భాషే, లిపి మాత్రం అరబీ, దాన్ని పెగోన్ అంటారు. రంజాన్‌లో ఒక కితాబు మొదటి నుంచి చివరిదాకా గబగబా పూర్తిచేసే ఆనవాయితీ ఉంది. అదంతా లైవ్ పోతోంది. కెమెరా అంటే ప్లాస్టిక్ కుర్చీ వీపుకి రబ్బరుబ్యాండ్లతో కట్టిన ఒక ఫోన్, అంతే. ఆ ఫోన్ దగ్గర కూర్చున్న కుర్రాడొక్కడికే ఫోన్ ముట్టుకునే అనుమతి. వాడి రెండో చేతిలో మాత్రం కితాబు, పెన్ను అలాగే ఉన్నాయి.

బాబ్జాన్ అన్న ప్రశ్నకి అక్కడి జవాబు ఇది: చాలా చోట్ల సాంత్రికి ఫోన్ ఉండదు, మీడియా టీముకి మాత్రం సడలింపు. వీడియోల్లో కనిపించేది ఎక్కువగా కియాయి, పిల్లలు కాదు. నేను చూసిన చోట కెమెరా పిల్లల వెనక నుంచి పెట్టారు, వీపులే కనిపిస్తాయి.

గీత_జేపీనగర్
వీపులు! ఇది చాలా మంచి ఆలోచన. మా డాన్స్ క్లాసుకి మాత్రం కుదరదు.

కోరమంగళ కుర్రోడు
గొంతోర్ త్రిమూర్తులు అన్నది గూగుల్ చేశా. నిజమే. మైండ్ బ్లాక్.

ఈజిపుర ఇమ్రాన్
పెగోన్ లాంటిది మన పక్కనే ఉంది. తమిళ ముస్లింల అర్వి, తమిళం అరబీ లిపిలో. మలయాళంలో అరబి మలయాళం. వేలూరు బాఖియాత్ మదర్సా, ఆంబూరు దగ్గర 1924లో మొదలైన ఉమరాబాద్ జామియా, ఈ చుట్టుపక్కల ఎంతమంది తెలుగు పిల్లలు చదివారో! కానీ తెలుగులో పాఠం? మేం హాస్టల్లో తెలుగులో కలలు కని ఉర్దూలో అప్పజెప్పేవాళ్లం.

జకార్తా భాయ్, అక్కడ ఫొటో, వీడియో తప్పు అనే వాదన లేదా?

జకార్తా రిటర్న్
నేను కలిసినవాళ్లలో ఆ గొడవ పెద్దగా వినలేదు. వాళ్ల వాదన వేరే దగ్గర ఉంటుంది: కియాయి ఎదుట కూర్చోకుండా స్క్రీన్లో విని, నేనూ చదివాను అనుకోవచ్చా అని. ఒక వింత చూడండి. గుస్ బహా అని అక్కడ చాలా పేరున్న ఆలిం. ఆయన పాఠాలు యూట్యూబ్‌లో ఎన్ని చానెళ్లలో ఉన్నాయో లెక్కలేదు. ఆయన మాత్రం సోషల్ మీడియా జోలికి పోరు, శిష్యులు, అభిమానులు రికార్డు చేసి పెట్టినవే అన్నీ. ఇంకో వైపు ఉలిల్ అబ్‌షార్ అబ్దల్లా అని మరో ఆయన, గజాలీ అనే పాతకాలపు పండితుడు రాసిన ఇహ్యా గ్రంథం పాఠాన్ని 2017 రంజాన్ నుంచి ఫేస్‌బుక్ లైవ్‌లో చెప్పడం మొదలుపెట్టారు. ఫోన్ పట్టుకునే అడ్మిన్ ఆయన భార్యే. ఇంటి హాల్లో పెట్టిన ఫోన్ ముందే ఒక పెసాంత్రెన్ తయారైంది.

ఇంకోటి, 2019లో అక్కడ పెసాంత్రెన్‌ల కోసమే ఒక చట్టం వచ్చింది, 18వ నంబరు చట్టం. చదువు చెప్పడంతోపాటు దావత్ (దీన్ వైపు పిలవడం), జనానికి ఆసరాగా ఉండడం కూడా వాళ్ల పనే అని అందులో రాశారు. అందుకని మీడియా టీముని పక్క వ్యాపకంలా చూడరు.

టానరీరోడ్ సలీం
మన దగ్గర ఫొటో గొడవ గట్టిగానే ఉంది. 2017లో సొంత ఫొటోలు, ఇంట్లోవాళ్ల ఫొటోలు సోషల్ మీడియాలో పెట్టడం సరికాదని దేవ్‌బంద్ నుంచి ఫత్వా వచ్చింది. అదే దేవ్‌బంద్‌కి ఆన్‌లైన్లో ప్రశ్న అడిగితే జవాబిచ్చే ఫత్వా వెబ్‌సైట్ ఉంది. జనం దీన్ని రెండు నాల్కలు అంటారు గానీ నాకలా అనిపించదు. అక్షరం వెళ్తే పర్లేదు, ముఖం వద్దు అన్నది వాళ్ల గీత. పాకిస్తాన్‌లో ముఫ్తీ తఖీ ఉస్మానీ లాంటివాళ్లేమో స్క్రీన్ మీది డిజిటల్ బొమ్మ కాగితం మీది తస్వీర్ (చిత్రం) లాంటిది కాదన్నారు. అందుకే నాకు ఒక మదర్సాలో ముఖం లేకుండా తీయమంటారు, ఇంకో మదర్సాలో "క్లోజప్ పెట్టు భాయ్" అంటారు. రేటు మాత్రం ఇద్దరూ ఒకటే ఇస్తారు, అదీ ఆలస్యంగా.

నూర్‌బాషా నస్రీన్
రెండు రోజులుగా చదువుతున్నా. మగవాళ్ల హాస్టల్ జ్ఞాపకాలు బాగున్నాయి. ఇక నా కథ వినండి.

మాది ప్రొద్దుటూరు, దూదేకులవాళ్లం. ఇంట్లో తెలుగే, ఉర్దూ ముక్క రాదు. చిన్నప్పుడు మసీదు పక్క మక్తబ్‌కి (పిల్లల ఖురాన్ బడికి) రెండేళ్లు వెళ్లా, పెద్దమనిషి అయ్యాక మాన్పించేశారు. పెళ్లయి బీటీఎం వచ్చాక, ముప్పై నాలుగేళ్ల వయసులో, ఒక బాలికల మదర్సావాళ్లు రాత్రి తొమ్మిదిన్నరకి నడిపే ఆన్‌లైన్ క్లాసులో చేరి నూరానీ ఖాయిదా (ఖురాన్ చదవడం నేర్పే అక్షరాల పుస్తకం) మొదలుపెట్టా. కెమెరాలు ఆఫ్, అందరం ఆడవాళ్లమే. ఒకరి ఇంట్లో కుక్కర్ విజిల్, ఇంకొకరి ఇంట్లో పిల్లాడి ఏడుపు. ఆపా (అంటే అక్క, టీచర్‌ని అలాగే పిలుస్తాం) తెలుగులో చెప్తారు, నంద్యాల ఆవిడ. ఇప్పుడు చూసి చదవడం వచ్చింది. ఆ ఇంటర్నెట్టే లేకపోతే నాకు ఈ జన్మకి వచ్చేది కాదు.

అందుకని ఎదుట కూర్చునే చదవాలి, స్క్రీన్లో చదివితే చదువు కాదు అనే మాట వింటే ఒళ్లు మండుతుంది. ఎదుట కూర్చునే అవకాశం ఎవరికుందో కూడా చెప్పండి.

ఈజిపుర ఇమ్రాన్
మీరన్నది నిజమే ఆపా, ఒప్పుకుంటా. కానీ ఒక్క మాట. ఉస్తాద్ మా నోట్లోకి చూసేవారు, నాలుక ఎక్కడ తగులుతోందో. గొంతు లోపలి అక్షరాలు ఫోన్లో సగం పోతాయి. చిన్న హా, పెద్ద హా తేడా జూమ్ మింగేస్తుంది.

నూర్‌బాషా నస్రీన్
జూమ్‌లో ఒరిజినల్ సౌండ్ అని ఉంటుంది, అది ఆన్ చేయాలి. లేకపోతే హా అంటే ఊపిరి చప్పుడనుకుని అదే తీసేస్తుంది. మా ఆపా మొదటి క్లాసులో చెప్పిందే అది. టెస్టింగ్ చేసే తమ్ముడికి తెలియదా?

రాత్రిషిఫ్ట్ రాము
ఇమ్రాన్ భాయ్, బగ్ రిజెక్టెడ్. వర్కింగ్ యాజ్ డిజైన్డ్.

ఈజిపుర ఇమ్రాన్
😀 క్లోజ్ చేశా.

నూర్‌బాషా నస్రీన్
బాబ్జాన్ అన్నా, మీవాడి మదర్సా చానెల్ నాకు దొరికిందనుకుంటా (పేరు రాయను). ఉర్దూ బయాన్ (ఉపన్యాసం) కింద తెలుగు అక్షరాలు వేస్తున్నారు కదా? మంచి పనే, తెలుగువాళ్ల కోసం అంత శ్రమ ఎవరు పడతారు? కానీ ఏదో యాప్ దానంతటదే వేసినట్టుంది. జకాత్ (ఏటా ఇవ్వాల్సిన దానం) గురించిన వీడియోలో మొదటి నుంచి చివరిదాకా జాకెట్ అని పడింది. "స్తోమత ఉన్న ప్రతి ముస్లిం ఏటా జాకెట్ ఇవ్వాలి." మా అత్తకి చూపిస్తే, కొలతలు ఎవరివి అని అడిగింది.

గీత_జేపీనగర్
ఆఫీసులో ఉన్నా, గట్టిగా నవ్వేశా. మేనేజర్ చూస్తున్నాడు.

పెన్నా ఒడ్డు
నవ్వు సంగతి సరే. ఇందులో అసలు లోటు కనిపిస్తోంది. తెలుగులో ఇస్లాం సాహిత్యం లేక కాదు. చిలుకూరి నారాయణరావు గారు ఖురాన్‌ని ఎప్పుడో తెలుగు చేశారు, హైదరాబాదు నుంచి గీటురాయి పత్రిక వచ్చింది, పుస్తకాలు బోలెడు. కానీ అవన్నీ చాలావరకు మదర్సాల బయట జరిగిన పని. మదర్సా లోపల చదువు ఉర్దూ, అరబీల్లోనే ఉంటుంది. ఇప్పుడు వీడియో పుణ్యమా అని మదర్సాకి తెలుగు అవసరం పడింది. పుస్తకమైతే ప్రూఫు చూసే మనిషి ఉంటాడు, రీల్‌కి ఎవరున్నారు?

ఈజిపుర ఇమ్రాన్
మాస్టారు ప్రూఫు అన్నారు కాబట్టి, మొదటి పోస్టు చదివినప్పటి నుంచి మనసులో తిరుగుతున్న మాట చెప్తా. బాబ్జాన్ భాయ్, మీవాడి రీల్ 38 సెకన్లు అన్నారు. అందులో ఎక్కడ ఆగింది?

ఎందుకంటే ఖిరాత్‌లో ఎక్కడ ఊపిరి తీయాలన్నది పెద్ద శాస్త్రం. వక్ఫ్ అంటారు. ఖురాన్‌లోని మాఊన్ సూరాలో (అధ్యాయంలో) నాలుగో ఆయత్ (వాక్యం) "ఫవైలుల్ లిల్‌ముసల్లీన్". అంటే నమాజు చేసేవాళ్లకి వినాశం! అక్కడే ఆపేస్తే ఎంత అనర్థం? తర్వాతి ఆయత్ కలిస్తేనే, తమ నమాజు పట్ల ఏమరుపాటుగా ఉండేవాళ్లకి అని పూర్తవుతుంది. ఇది మాకు చిన్న క్లాసులోనే చెప్తారు. ఇప్పుడు పాట బీటు చూసి కట్ చేసే ఎడిటర్‌కి ఇస్తే? సలీం భాయ్ తప్పు పట్టుకోవద్దు.

టానరీరోడ్ సలీం
ఎందుకు పట్టుకుంటా, ఒకసారి సరిగ్గా అదే చేశా. 30 సెకన్లకి సరిపోవాలని ఒక ఆయత్ మధ్యలో కోసి, చివర ఫేడ్ పెట్టా. పోస్టు చేసిన పది నిమిషాలకి హాఫిజ్ సాబ్ (ఖురాన్ అంతా కంఠస్థం వచ్చినాయన) ఫోన్. "సలీం, పెళ్లికూతురి ఎంట్రీ కాదురా ఇది." ఆ రోజు నుంచే కోత దగ్గర ఒక హిఫ్జ్ పిల్లాడిని పక్కన కూర్చోబెడుతున్నారు. వాడు చేయి ఎత్తితేనే నేను కట్ కొట్టేది. రెండు నెలల్లో వాడే మౌస్ పట్టుకున్నాడు, నాకు పని పోయింది. అన్ని చోట్లా ఎడిటింగ్ పిల్లలకి వచ్చిందే అలా. బాబ్జాన్ భాయ్ కొడుకుని ఎందుకు పెట్టుకున్నారో నాకు ఇప్పుడు అర్థమవుతోంది.

గీత_జేపీనగర్
అంటే, కంఠస్థం చేసినవాడికే కోయడం వస్తుంది, కోస్తూ కూర్చుంటే కంఠస్థం వెనకబడుతుంది. బాగుంది.

కోరమంగళ కుర్రోడు
మా టీము లీడ్ పరిస్థితి కూడా ఇదే. బాగా కోడ్ రాస్తాడని మీటింగులకి పంపారు.

జకార్తా రిటర్న్
అక్కడ నేను చూసిన చోట దీనికి ఒక పద్ధతి ఉండేది. హిఫ్జ్ పిల్లల్ని మీడియాలోకి తీసుకోరు. చదువు పూర్తయి అక్కడే సేవ చేస్తూ ఉండిపోయిన పెద్ద కుర్రాళ్లు చేస్తారు. ఇక్కడ హాఫిజ్ అయిపోయినవాళ్లు ఎవరూ లేరా? అది అడగండి అన్నా.

హిందూపురం బాబ్జాన్
అందరికీ షుక్రియా. శుక్రవారం నేనే వెళ్లొస్తా. గీతమ్మా, సమ్మతి సంగతి అడగడానికి ఉర్దూలో ఏమనాలి?

ఈజిపుర ఇమ్రాన్
"ఇజాజత్" (అనుమతి) అంటే చాలు భాయ్. ఆ మాట వాళ్లకి మనకంటే బాగా తెలుసు. ఉస్తాద్ ఇజాజత్ లేకుండా శిష్యుడు ఒక కితాబు పాఠం కూడా చెప్పడు.

హిందూపురం బాబ్జాన్
(తొమ్మిది రోజుల తర్వాత) వెళ్లొచ్చా. ఆలస్యమైంది, పనిలో పడిపోయా.

ముహ్తమిమ్ సాబ్ (మదర్సా పెద్ద) గొడవేం పడలేదు, టీ ఇప్పించారు. ఇజాజత్ అన్న మాట ఎత్తగానే ఒక్క నిమిషం మాట్లాడలేదు. తర్వాత "అడగాల్సింది" అన్నారు. క్యూఆర్ మాత్రం తీయలేమన్నారు, 160 మంది పిల్లలకి రెండు పూటలా అన్నం పెట్టాలి, సఫీర్లు ముసలివాళ్లయ్యారు అని. అది నేనూ ఒప్పుకున్నా. ఆ కోడ్ పిల్లాడి ముఖం కింద కాకుండా వంటగది వీడియోల్లో పెడతామన్నారు. పిల్లల వీడియోలకి ఇకమీదట చేతులు, రిహల్ మాత్రమే. పాత రీల్ తీసేశారు. జకార్తా అన్న చెప్పింది అడిగితే, హాఫిజ్ అయిన కుర్రాళ్లు ఉన్నారు గానీ వాళ్లంతా మసీదుల్లో ఇమామత్‌కి (నమాజు చేయించే పనికి) పోయారట.

ఎడిటింగ్ మానేయమని మావాడితో అన్నా. ముఖం మాడ్చుకున్నాడు. లాప్‌టాప్ దగ్గరికి తీసుకెళ్లి ఒకటి చూపించాడు. ఆ 38 సెకన్ల రీల్ అసలు 30 సెకన్లే ఉండాలని వాళ్ల సార్ అన్నాడట. "ఇంకో ఎనిమిది సెకన్లు పోతేనే ఆయత్ పూర్తవుతుంది, నేను ఒప్పుకోలా అబ్బా" అన్నాడు. నాకు ఏం అనాలో తెలియలేదు. ఇక గురువారం రాత్రి మాత్రం చేస్తాడు, మిగతా రోజులు ఆమూఖ్తా. ఉస్తాద్ రోజూ పావు పారా వినాలి, విన్నట్టు డైరీలో సంతకం పెట్టాలి. ఆ డైరీ మాత్రం నాకు అర్థమయ్యేలా తెలుగులో రాయమన్నా.

నస్రీనమ్మా, జాకెట్ సంగతి కూడా చెప్పా. నవ్వలేదు, కంగారు పడ్డారు. తెలుగు చూసిపెట్టే మనిషి ఉంటే చెప్పమన్నారు. మీ పేరు ఇవ్వొచ్చా?

నూర్‌బాషా నస్రీన్
ఇవ్వండి అన్నా. రాత్రి క్లాసు అయ్యాక చూస్తా. వీడియో వద్దు, అక్షరాలు మాత్రం పంపమనండి.

రాత్రిషిఫ్ట్ రాము
సలీం భాయ్ లాగా పేమెంట్ ఆలస్యం అవుతుంది చూస్కో అక్కా.

నూర్‌బాషా నస్రీన్
మొదటి ఫైలు వచ్చింది. జాకెట్లు పదకొండు ఉన్నాయి. ఇంకా "రోజా" (ఉపవాసం) ఉన్న ప్రతిచోటా గులాబీ బొమ్మ పెట్టారు.